గుడిబండ నుంచి గౌరారం దాకా: నల్లగొండ, పాలమూరు కళాకారుల సింహావలోకనం

1896 మే 28న పాలమూరు జిల్లా బోరవెల్లిలో సురవరం ప్రతాపరెడ్డి పుట్టారు. సరిగ్గా నలభై రోజులకు, జూలై 7న, బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను మన దేశంలో మొదటిసారి ప్రదర్శించారు. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు. అయినా నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి తెరకూ వేదికకూ ఎవరెవరు వచ్చారని ఆలోచించిన ప్రతిసారీ నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు రాస్తే, ప్రతాపరెడ్డి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, 354 మంది కవుల రచనలు సేకరించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. సినిమా విషయంలోనూ ఈ నేల మీద అలాంటి మాటే చాలాకాలం చెలామణి అయింది. అక్కడ కరువు ఉంది, వలస ఉంది, పోరాటం ఉంది, నటులెక్కడున్నారు అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పాలంటే తెర మీది ముఖాలను లెక్కపెడితే చాలదు. ఈ ఎర్రమట్టి ముఖాలకంటే ఎక్కువగా గొంతులను ఇచ్చింది. ఆ గొంతులకు తెర మీద చోటు దొరకడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇక్కడి రంగస్థల చరిత్ర మాత్రం చాలా పాతది. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలో గుట్టల మధ్య శిథిలమై ఉన్న రాచకొండ కోటలో, పద్నాలుగో శతాబ్దంలో, సర్వజ్ఞ సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం' రాశాడు. నాయికా నాయకులు ఎలా ఉండాలి, రసం ఎలా పుడుతుంది, రూపకాలు ఎన్ని రకాలు అని మూడు విలాసాల్లో వివరించిన నాట్యశాస్త్ర గ్రంథం అది. శాస్త్రం రాసి వదిలేయకుండా 'కువలయావళి' అనే నాటికను కూడా తానే రాశాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో కృష్ణకు అటూ ఇటూ ఉన్న గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పోషించాయి. తిరుపతి వేంకట కవుల అవధాన యాత్రల్లో ఈ మూడూ మజిలీలే. రాజాస్థానాల సంగతి ఇంతటితో చాలు. మన కథకు అసలు వేళ్లు కోటల బయట, ఊరి నడిమధ్య రచ్చబండ దగ్గర ఉన్నాయి.

అక్కడ చిందు భాగవతులు, ఒగ్గు కథకులు, శారదకాండ్లు, బుడబుక్కలవాళ్లు, గొల్లసుద్దుల వాళ్లు ఉండేవారు. పాటకూ ఆటకూ కథకూ మధ్య గోడలు లేని కళలు అవి. వీటిని పూర్తిగా ఎరిగి, వీటికి కొత్త పని అప్పగించినవాడు సుద్దాల హనుమంతు. మోత్కూరు దగ్గరి పాలడుగులో పుట్టి, సుద్దాలలో స్థిరపడి, ఆ ఊరి పేరే ఇంటిపేరుగా మారిపోయిన మనిషి. హైదరాబాదులో చిన్న ఉద్యోగం, ఆర్యసమాజం పరిచయం, ఆ తర్వాత ఆంధ్ర మహాసభ. ఆ మహాసభ 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగింది. రెండేళ్లకు, 1946 జూలై 4న, అప్పట్లో నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాడు. ఆ మరణంతో రాజుకున్న ఐదేళ్ల తెలంగాణ సాయుధ పోరాటానికి హనుమంతు పాట కట్టాడు.

ఆయన పనితనం ఎక్కడుందో కాస్త నిలబడి చూడాలి. గొల్లసుద్దుల్లో భుజాన గొంగడి, చేత కర్ర, కాళ్లకు గజ్జెలతో ప్రధాన గాయకుడు ముందు నిలబడతాడు. ఇద్దరు వంతపాడతారు, మధ్యమధ్య అడ్డు ప్రశ్నలేస్తారు. జనం ఏళ్ల తరబడి చూసిన వేషం, ఎరిగిన దరువు. హనుమంతు ఆ వేషాన్నీ దరువునూ అలాగే ఉంచి, లోపల వెట్టిచాకిరీ, నాగు వడ్డీ, దొర గడీ చేర్చాడు. చదువురాని రైతుకు కరపత్రం ఇస్తే ఏం ప్రయోజనం? గొల్లసుద్దులు మాత్రం ఒకసారి వింటే మర్నాడు మోటకొట్టేవాడి నోట కూడా పలుకుతాయి. జానపద రూపాల్లోకి కొత్త భావాలు ఎక్కించే ప్రయత్నం చాలామంది చేశారు. వాళ్లలో రూపం చెడకుండా చేసినవారు తక్కువ. హనుమంతు ఆ తక్కువమందిలో మొదటివాడని నా నమ్మకం.

ఆ పోరాటం ముగిసిన ఏడాదే, 1951లో, ఈ జిల్లా మనిషి ఒకరు మద్రాసులో చిన్న వేషంతో తెరమీదికి వచ్చారు. కోదాడ దగ్గర గుడిబండలో 1923 నవంబరు 16న పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావు ఆయన. తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తీసిన హెచ్.ఎం.రెడ్డే 1953లో 'ప్రతిజ్ఞ'తో ఆయన్ని హీరోను చేశారు. రాజనాల ప్రతినాయకుడిగా పరిచయమైందీ ఆ సినిమాతోనే. ఆ తర్వాత పాతికేళ్లపాటు తెలుగు పల్లెల్లో రాకుమారుడంటే కాంతారావే. విఠలాచార్య తక్కువ ఖర్చుతో తీసిన జానపదాల్లో కత్తి పట్టుకుని ఆయన దూకుతుంటే టూరింగ్ టాకీసు నేల తరగతి ఈలలతో దద్దరిల్లేది. 'గురువును మించిన శిష్యుడు', 'జ్వాలాద్వీప రహస్యం' లాంటి సినిమాలు ఇప్పటికీ ఆ తరం నోట వినిపిస్తాయి. జనం ఆయనకు కత్తి కాంతారావు అని పేరు పెట్టుకున్నారు.

అయితే ఆయనలోని నటుణ్ని చూడాలంటే కత్తి లేని పాత్రలు చూడాలి. 'లవకుశ'లో లక్ష్మణుడు సీతను అడవిలో వదిలి రావాల్సిన ఘట్టంలో ఆయన గొంతు అరవదు, వణకదు, లోపలికి కుంగుతుంది. అన్న ఆజ్ఞకూ తన మనసుకూ నడుమ నలిగిన మనిషి ఆ గొంతులో దొరుకుతాడు. నారదుడిగా ఆయన నవ్వు వేరు, విశ్వనాథ నవల ఆధారంగా 1969లో వచ్చిన 'ఏకవీర'లో ఎన్.టి.రామారావుకు దీటుగా నిలిచిన వీరభూపతి వేరు. నాలుగు వందలకు పైగా సినిమాలు చేశారు. సంపాదించినదంతా సొంత నిర్మాణంలో పెట్టారు. 'సప్తస్వరాలు', 'గుండెలు తీసిన మొనగాడు' వంటి చిత్రాలు తీసి నష్టపోయారు. చివరి దశలో చిన్న వేషాలూ టీవీ సీరియళ్లూ ఒప్పుకోవలసి వచ్చింది. 2000లో రఘుపతి వెంకయ్య అవార్డు వచ్చింది. 2009 మార్చి 22న కన్నుమూశారు. రాకుమారుడిగా అంతమంది గుండెల్లో నిలిచిన మనిషికి పరిశ్రమ ఇంకొంచెం ఆసరాగా నిలవాల్సింది. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కాంతారావు తర్వాత చెప్పుకోవలసినవారు డాక్టర్ ఎం.ప్రభాకర్‌రెడ్డి. 1935లో తుంగతుర్తిలో పుట్టారు. సాయుధ పోరాటానికి గుండెకాయ లాంటి ఊళ్లలో తుంగతుర్తి ఒకటి. ఆ మంటల నడుమ పదకొండేళ్ల పిల్లవాడిగా ఉన్నారు. ఉస్మానియాలో వైద్యం చదివి, 1960లో 'చివరకు మిగిలేది'తో నటుడయ్యారు. ప్రేక్షకుడికి ఆయన విలన్‌గా, పోలీసు అధికారిగా, జమీందారుగా గుర్తు. ఆయన కథకుడు కూడానని చాలామందికి తెలియదు. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచిన 'పండంటి కాపురం' (1972) కథ ఆయనదే. అది హిందీలోకి కూడా వెళ్లింది. 1997లో ఆయన పోయాక, హైదరాబాదు మణికొండలో సినీ కార్మికులు కట్టుకున్న చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. లైట్లు మోసేవాళ్లు, మేకప్ వేసేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు ఉండే కాలనీకి పేరుగా మిగలడం మామూలు సంగతి కాదు. సినిమావాళ్లకు ఇంతకంటే మంచి స్మారకం ఉంటుందని నేను అనుకోను.

ఇక్కడ భూగోళం మాట ఒకటి చెప్పాలి. గుడిబండ కోదాడ పక్కన ఉంది. నవ్వుల నటుడు వేణుమాధవ్ పుట్టింది కోదాడలో. తుంగతుర్తి కూడా ఉమ్మడి నల్లగొండ తూర్పు వైపునే ఉంది. హైదరాబాదు, బెజవాడ రోడ్డు కోదాడ మీదుగా పోతుంది. ఆవలికి దాటితే జగ్గయ్యపేట. నాటకం, సినిమా, పత్రిక ఏది కోస్తా నుంచి వచ్చినా మొదట ఈ అంచునే తాకేది. పాలమూరుకు అలాంటి దారి లేదు. అక్కడి నుంచి మద్రాసుకు నటులు వెళ్లలేదు, డ్యాములు కట్టే కూలీలు వెళ్లారు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. ఒకే పీఠభూమిలో రెండు జిల్లాల కళాచరిత్ర ఇంత వేరుగా నడవడానికి ఈ దారులే ముఖ్య కారణమని నాకనిపిస్తుంది.

మద్రాసుకు చేరిన వాళ్లు కూడా తమ ఇంటి మాటను గుమ్మం దగ్గరే వదిలి లోపలికి వెళ్లారు. కాంతారావు నోట పౌరాణిక గ్రాంథికం పలికింది, ప్రభాకర్‌రెడ్డి నోట కృష్ణాతీరపు సినిమా తెలుగు పలికింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. అప్పటి సినిమాలో ఇంకో భాషకు వేషమే లేదు. ఉంటే రౌడీకి, లేదంటే నవ్వించేవాడికి.

ఆ తలుపు మొదట గట్టిగా తట్టింది 1979 నాటి 'మా భూమి'. బి.నర్సింగరావు నిర్మించారు, గౌతం ఘోష్ దర్శకత్వం వహించారు. షూటింగు మెదక్ వైపు జరిగింది, కథ మాత్రం నల్లగొండ, వరంగల్లు రైతులది. అందులో 'పల్లెటూరి పిల్లగాడా' అన్న హనుమంతు పాట వస్తుంది. పశువులు కాసే జీతగాడైన పసివాడి గురించిన పాట. ముప్పై ఏళ్ల కిందట రచ్చబండ మీద పుట్టినది ఇలా తెరకెక్కింది. సినిమా వచ్చిన మూడేళ్లకు, 1982 అక్టోబరులో, హనుమంతు చనిపోయారు. తన పాట తెర మీద వినిపించేదాకా ఆయన బతికే ఉన్నారన్న సంగతి నాకు ఎంతో తృప్తినిస్తుంది.

ఆయన కొడుకు అశోక్ తేజ మెట్‌పల్లిలో బడిపంతులుగా పనిచేస్తూ పాటలు రాశారు. 1994లో 'నమస్తే అన్న'తో సినిమాల్లోకి వచ్చారు. 'ఒసేయ్ రాములమ్మా' (1997) ఊరూరికీ ఆయన్ని చేర్చింది. 'ఠాగూర్' (2003)లోని 'నేను సైతం' పాటకు జాతీయ అవార్డు వచ్చింది. తెలుగులో అంతకుముందు ఆ గౌరవం శ్రీశ్రీకీ వేటూరికీ మాత్రమే దక్కింది. తండ్రి గొల్లసుద్దుల్లో అందుకున్న దరువును కొడుకు రికార్డింగు థియేటరుకు తీసుకెళ్లారు. అశోక్ తేజ మేనల్లుడు ఉత్తేజ్ 'శివ' (1989) నాటి నుంచి నటుడిగా, రచయితగా తెర మీద ఉన్నారు. ఒక్క సుద్దాల ఇంటి నుంచి మూడు తరాలు.

మిర్యాలగూడ ప్రాంతం నుంచి వచ్చిన దర్శకుడు ఎన్.శంకర్ 'ఎన్‌కౌంటర్' (1997), 'శ్రీరాములయ్య' (1999) తీశారు, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న 2011లో 'జై బోలో తెలంగాణ' తీశారు. వేణుమాధవ్ మిమిక్రీ నుంచి మొదలై, 1996లో 'సంప్రదాయం'తో తెరకెక్కారు. 'సై'లో, 'లక్ష్మి'లో ఆయన నవ్వించిన తీరు గుర్తుండని తెలుగు ప్రేక్షకుడు ఉండడు. 2019 సెప్టెంబరులో, యాభై నిండకుండానే పోయారు.

చేనేత వైపు తిరిగితే చిత్రం ఇంకోలా ఉంటుంది. వినోబా భావే 1951లో భూదానం మొదలుపెట్టిన పోచంపల్లి మీదికి శ్యాం బెనెగల్ కెమెరా 1987లో 'సుస్మన్'తో వచ్చింది. ఓం పురి మగ్గం ముందు కూర్చున్నారు. ముప్పై రెండేళ్ల తర్వాత 'మల్లేశం' (2019) వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ అది. ఆసు పోసేటప్పుడు ఒక్క చీరకు తల్లి చేతులు వేల సార్లు ముందుకూ వెనక్కూ తిరగాలి. ఆ భుజాల నొప్పి చూడలేక యంత్రం కనిపెట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రెండు సినిమాల్లో నాకు రెండోదే ఇష్టం. మొదటిది గౌరవంతో బయటి నుంచి చూస్తుంది, రెండోదానిలో ఇంటి మాట వినిపిస్తుంది.

అదే పడుగుపేకల నేల మీద కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ తెలంగాణ ఆడబిడ్డల నుదుటి బొట్టునూ, మెడలోని పుస్తెలనూ, చీర అంచునూ కాన్వాసు మీద నిలిపారు. 2014లో కొత్త రాష్ట్రానికి కాకతీయ తోరణం, చార్మినారు కలిపిన అధికార చిహ్నం గీసిందీ ఆయనే. అదే ఏడాది నల్లగొండకు చెందిన పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్ వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి గెలిచింది.

ఉద్యమకాలపు గొంతుల గురించి ఎంత రాసినా తక్కువే. నల్లగొండ వైపు ఆత్మకూరు మండలం నాంచారుపేటలో పుట్టి, భువనగిరి నూలు మిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ కళా సమితి వేదికల మీద పాడుతుంటే సభ కదలకుండా కూర్చునేది. 1999 మేలో ఆమెను దారుణంగా చంపేశారు. ఆమె పాడిన దానిలో మనకు మిగిలింది ఎంతో తక్కువ. ఆలేరు విమలక్క అరుణోదయ కళాబృందం నుంచి తెలంగాణ ధూంధాం దాకా పాడుతూనే వచ్చారు. అమరచింతలో పుట్టిన గాయకుడు సాయిచంద్ 2023 జూన్‌లో, నలభై నిండకముందే ఆగిపోయారు.

ఇక గోరటి వెంకన్న. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారం. 'కుబుసం' (2002)లో 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట వచ్చినప్పుడు సినిమాను మరిచిపోయి పాటను ఇంటికి తీసుకెళ్లారు జనం. కుమ్మరి సారె, కమ్మరి కొలిమి, సాలెల మగ్గం ఒక్కొక్కటీ ఎందుకు ఆగిపోతున్నాయో ఆర్థికశాస్త్రం చెప్పవలసిన సంగతిని ఆయన ఏడుపు రాగంలో చెప్పారు. హనుమంతు కాలంలో శత్రువు గడీలో ఉండేవాడు, వేలుపెట్టి చూపించవచ్చు. వెంకన్న కాలానికి శత్రువు కంటికి కనబడడు. పాట కట్టడం అందుకే కష్టమైంది, ఆ కష్టాన్ని దాటినందుకే ఆ పాట అంతగా నాటుకుంది. 2021లో 'వల్లంకి తాళం'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం తొలిసారి, 1955లో, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు వచ్చింది. అది కూడా పాలమూరుకే, సురవరం ప్రతాపరెడ్డికే. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్లు.

వనపర్తి సంస్థానపు రామేశ్వరరావు గారి మనుమరాళ్లు ఇద్దరు హిందీ సినిమాలో ఉన్నారు. 'ధోబీ ఘాట్', 'లాపతా లేడీస్' తీసిన కిరణ్ రావు, నటి అదితి రావు హైదరీ. వాళ్ల బాల్యం ఈ మట్టిలో గడవలేదు గనుక ఈ వరుసలో వాళ్లను కూర్చోబెట్టడం బలవంతమే అవుతుంది. అచ్చంపేట వైపు మూలాలున్న విజయ్ దేవరకొండ సంగతీ దాదాపు అంతే.

ఈ మట్టిలోనే పుట్టి, ఇక్కడే పాడి, ముసలితనంలో తెర నుంచి పిలుపు అందుకున్నవారు దర్శనం మొగులయ్య. వెదురు దండ, సొర బుర్రలు, మైనంతో నిలిపిన పన్నెండు మెట్లు, ఇదీ ఆయన కిన్నెర. దొరల గాదెలు కొల్లగొట్టి పేదలకు పంచిన పండుగ సాయన్న కథను పాలమూరు ఊళ్లలో పాడుతూ తిరిగిన వంశం. 2021లో 'భీమ్లా నాయక్' పాట ఆయన గొంతుతో మొదలైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగులయ్య హైదరాబాదు శివార్లలో ఇళ్లు కట్టేచోట కూలి పనిచేస్తుంటే తీసిన వీడియోలు అందరూ చూశారు. గుండె తరుక్కుపోయింది. కాంతారావు నాటి నుంచి ఈ లెక్క మారలేదు.

అదే 2024లో పద్మశ్రీ అందుకున్నవారు నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప. కర్ణాటక సరిహద్దు ఊరు. చేతిలో బుర్రవీణ, నోట తెలుగు, కన్నడ తత్వాలు. ఈ వాద్యం వాయించేవారు ఇప్పుడు అతి కొద్దిమంది. బెల్లి లలిత పాటల విషయంలో జరిగిన నష్టం మళ్లీ జరగకూడదు. నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి రికార్డింగు గదులు పెట్టి, మొగులయ్య, కొండప్ప ఆరోగ్యంగా ఉండగానే వారికి తెలిసిన కథలన్నీ మొదటి నుంచి చివరిదాకా, సినిమా కోసం కత్తిరించకుండా పాడించి దాచాలి. పక్కన ఇద్దరు పిల్లలను జీతమిచ్చి కూర్చోబెట్టి మెట్ల మీద వేళ్లెలా నడవాలో నేర్పించాలి. ప్రతాపరెడ్డి ఒక్కరే, ఒక పత్రికా కార్యాలయంలో కూర్చుని, పోస్టుకార్డుల కాలంలో 354 మందిని పోగుచేశారు. ఇది అంతకంటే చిన్న పని, ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.